గైర్‌సొప్ప స్టీమరు మునక: తరచుగా అడిగే ప్రశ్నలు

1941 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గామి ముంచిన ఎస్.ఎస్. గైర్‌సొప్ప పేరు ఎక్కడ వెతికినా ముందు కనిపించేది వెండి కడ్డీల కథే. దాని గురించి కూడా ఈ పేజీలో ఉంది. కానీ ఆ ఓడ మీద ఎనభై మందికి పైగా మనుషులు చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మన ఉపఖండం వాళ్ళు. అందుకే ఇక్కడ వాళ్ళ గురించి కాస్త ఎక్కువగా రాశాం.

అసలు ఏమిటీ ఓడ?

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన సరుకుల స్టీమరు. ఇంగ్లండ్ ఈశాన్యాన టైన్ నది ఒడ్డున పామర్స్ కంపెనీ దీన్ని 1919లో కట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ముంచిన ఓడల లోటు తీర్చడానికి బ్రిటన్ ఒకే నమూనాలో చాలా ఓడలు కట్టించింది. ఇది ఆ వరసలోదే. మొదట ‘వార్ రోబక్’ అని పేరు అనుకున్నారు. ఈలోగా యుద్ధం అయిపోయింది, ఓడ బ్రిటిష్ ఇండియా కంపెనీ చేతికొచ్చింది, కర్ణాటకలోని గేరుసొప్ప పేరు పెట్టారు. మనం జోగ్ అని పిలిచే జలపాతానికి అప్పట్లో ఆ పేరే వాడుకలో ఉండేది.

పొడవు సుమారు 125 మీటర్లు, స్థూల టన్నేజీ (ఓడ లోపలి చోటు కొలత, బరువు కాదు) 5,237. బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజను. వేగం తక్కువ, మోత ఎక్కువ.

ఈ కంపెనీ తెలుగువాళ్ళకు కొత్తది కాదు. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి కూలికోసం రంగం (రంగూన్) వెళ్ళిన వేలాది కుటుంబాలు ఎక్కింది ఈ కంపెనీ స్టీమర్లే. గైర్‌సొప్ప మాత్రం ప్రయాణికుల ఓడ కాదు, సరుకు మోసేది.

ఆఖరి ప్రయాణంలో ఏం సరుకు ఉంది?

1940 డిసెంబరులో కలకత్తాలో బయల్దేరింది. ఓడలో దుక్క ఇనుము, తేయాకు పెట్టెలు, రకరకాల సరుకులు కలిపి ఏడు వేల టన్నుల దాకా ఉన్నాయి. వాటితో పాటు వెండి కడ్డీలు, ఇండియా నుంచి బ్రిటన్‌కు వెళ్ళే ఉత్తరాల సంచులు.

యుద్ధ సమయంలో బ్రిటన్‌కు ఇనుము ఎందుకో చెప్పక్కర్లేదు. తేయాకు కూడా చిన్న సరుకు కాదు. 1940 నాటికే అక్కడ టీ పొడికి రేషన్ పెట్టారు.

కలకత్తా నుంచి ఇంగ్లండ్‌కు సూయజ్ కాలువ మీదుగా ఎందుకు వెళ్ళలేదు?

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. దాంతో మధ్యధరా సముద్రం మామూలు సరుకు ఓడలకు దాదాపు మూసుకుపోయింది. ఇండియా నుంచి వెళ్ళే ఓడలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగి, పశ్చిమ తీరం వెంట పైకెక్కి సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్ చేరేవి. అక్కడ నౌకాదళం వాటిని గుంపులుగా కట్టి ఉత్తరానికి పంపేది. ఈ గుంపులనే కాన్వాయ్ అంటారు. గైర్‌సొప్ప చేరిన కాన్వాయ్ పేరు ఎస్.ఎల్. 64. అది 1941 జనవరి 30న ఫ్రీటౌన్ విడిచింది.

కాన్వాయ్‌లో ఉన్నంత మాత్రాన అంతా సేఫ్ అనుకోవద్దు. ఫ్రీటౌన్ నుంచే బయల్దేరిన ఎస్.ఎల్.ఎస్. 64 అనే నిదానపు కాన్వాయ్‌ని అదే ఏడాది ఫిబ్రవరి 12న జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ హిప్పర్ పట్టుకుని ఏడు ఓడలను ముంచేసింది.

మరి గుంపును వదిలి ఒంటరిగా ఎందుకు వెళ్ళింది?

బొగ్గు చాలక.

ఉత్తర అట్లాంటిక్‌లో ఫిబ్రవరి అంటే ఎదురుగాలులు, కొండల్లాంటి అలలు. నిండా ఇనుముతో ఉన్న పాత స్టీమరు ఆ అలలకు ఎదురు నడవాలంటే కొలిమిలో బొగ్గు వేస్తూనే ఉండాలి. కాన్వాయ్ వేగం అందుకుంటూ పోతే బ్రిటన్ చేరేలోపే బొగ్గు అయిపోతుందని తేలింది. నడిసముద్రంలో ఇంజను ఆగిన ఓడ ఎవరికైనా సులువుగా దొరుకుతుంది. అందుకని ఫిబ్రవరి 14న కెప్టెన్ కాన్వాయ్ నుంచి విడిపోయి, ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే రేవు వైపు తిప్పాడు. ఐర్లండ్ ఆ యుద్ధంలో తటస్థ దేశం. ఉన్న బొగ్గుతో అందుకోగల రేవు అదే.

కొందరు దీన్ని కెప్టెన్ తప్పుగా రాస్తుంటారు. అది అన్యాయం అని మా అభిప్రాయం. ఆయన ముందున్న రెండు దారుల్లోనూ ప్రమాదమే ఉంది.

దాడి ఎలా జరిగింది?

ఫిబ్రవరి 16న పగటిపూట జర్మన్ ఫోకె-వుల్ఫ్ 200 కాండోర్ విమానం ఒకటి వచ్చి ఓడ మీద చక్కర్లు కొట్టి పోయింది. సముద్రం మీద చాలా దూరం తిరుగుతూ ఒంటరి ఓడలను వెతకడం ఈ విమానాల పనుల్లో ఒకటి. అది కనిపించిందంటే ఇక దాక్కోవడానికి చోటు లేనట్టే.

ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో యూ-101 అనే జలాంతర్గామి గైర్‌సొప్పను అందుకుంది. దాని కమాండర్ ఎర్న్‌స్ట్ మెంగర్‌సన్. టార్పెడో ఓడ కుడిపక్కన రెండో నంబరు సరుకు గది దగ్గర తగిలింది. పేలుడు దెబ్బకు ఓడ ముందువైపు స్తంభం కూలిపోయింది. ఓడ ఇరవై నిమిషాల్లో మునిగింది. గాల్వే అక్కడికి ఇంకా 300 మైళ్ళ దూరం.

ఒకచోట ఫిబ్రవరి 16 అనీ, ఇంకోచోట 17 అనీ ఎందుకుంది?

జర్మన్ గడియారం ప్రకారం అప్పటికే అర్ధరాత్రి దాటింది. వాళ్ళ రికార్డుల్లో 17, బ్రిటిష్ వాళ్ళ లెక్కలో 16. రెండూ ఒకే రాత్రి.

సాయం కోసం వైర్‌లెస్ సందేశం పంపలేదా?

పంపలేకపోయారు. జలాంతర్గామి దాడి చేస్తే బ్రిటిష్ ఓడలు ‘ఎస్’ అక్షరాన్ని నాలుగుసార్లు కొట్టి తామున్న చోటు చెప్పాలని నియమం. కానీ స్తంభంతో పాటు ఏరియల్ తీగలు కూడా తెగి పడిపోయాయి. గైర్‌సొప్ప మునిగిందన్న సంగతి ఒడ్డున ఎవరికీ చేరలేదు. కాబట్టి వెతకడానికి ఎవరూ రాలేదు.

హెచ్చరిక లేకుండా సరుకు ఓడను ముంచడం చట్టమేనా?

జలాంతర్గామి కూడా మామూలు యుద్ధనౌకలాగే ముందు ఓడను ఆపి, అందులో ఉన్నవాళ్ళను, ఓడ కాగితాలను సురక్షితమైన చోటికి చేర్చాకే ముంచాలని 1936 నాటి లండన్ ఒప్పందం చెప్పింది. దాని మీద జర్మనీ కూడా సంతకం పెట్టింది. ఆచరణలో యుద్ధం మొదలైన కొద్ది నెలలకే ఆ నియమం గాలికిపోయింది. బ్రిటన్ తన సరుకు ఓడలకు తుపాకులు బిగించింది, జలాంతర్గామి కనబడితే వైర్‌లెస్‌లో చెప్పమంది. గైర్‌సొప్ప మీద కూడా ఇద్దరు గన్నర్లు ఉన్నారు. యుద్ధం తర్వాత నూరెంబర్గ్ కోర్టులో జర్మన్ జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్ మీద ఈ విషయం నడిచింది. తుపాకులు బిగించిన బ్రిటిష్ సరుకు ఓడల మీద దాడుల విషయంలో కోర్టు ఆయన్ను దోషిగా తేల్చలేదు. చట్టం మాట అది. కొలిమి దగ్గర పార పట్టుకుని బొగ్గు వేస్తున్నవాడికి మాత్రం తుపాకీ ఉన్న ఓడ, లేని ఓడ అన్న తేడా ఏమీ లేదు.

ఎవరైనా బతికారా?

ఒక్కరే. సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ అయర్స్.

మూడు లైఫ్‌బోట్లు నీళ్ళలోకి దిగాయని చెబుతారు. రెండింటి జాడ మళ్ళీ తెలియలేదు. మూడోదాంట్లో అయర్స్‌తో కలిపి ముప్పై మంది వరకూ ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది భారతీయ నావికులు. గాలి పడమటి నుంచి వీస్తోంది కాబట్టి తెరచాప ఎత్తి తూర్పుగా పోతే ఎప్పటికైనా బ్రిటన్ తీరం తగులుతుందని అయర్స్ లెక్క. లెక్క సరైనదే. కానీ దూరం వందల మైళ్ళు, కాలం చలికాలం, పడవకు పైకప్పు లేదు.

బెంగాల్ వేడికి అలవాటుపడ్డ మనుషులు వాళ్ళు. కొలిమి గదిలో పనిచేసేవాళ్ళు పల్చటి బట్టలతో ఉంటారు. టార్పెడో తగిలాక పైకి ఉరికేవాడికి కోటు వెతుక్కునే టైమ్ ఉండదు. పడవ అడుగున ఎప్పుడూ అలల నీళ్ళు ఉంటాయి, ఎంత తోడినా మళ్ళీ వస్తాయి. ఆ చల్లటి నీళ్ళలో పాదాలు రోజుల తరబడి నానితే ముందు తెల్లబడతాయి, తర్వాత మొద్దుబారి ఉబ్బుతాయి, ఆ తర్వాత నల్లబడి చర్మం చచ్చిపోతుంది. చేతుల పరిస్థితీ అంతే. బిస్కెట్ ఉన్నా, ఎండిపోయిన నోటికి లాలాజలం లేక అది గొంతు దిగదు. వారం గడిచేసరికి మంచినీళ్ళు అయిపోయాయి. అక్కడి నుంచి వానచుక్కలే దిక్కు. తట్టుకోలేక ఉప్పునీళ్ళు తాగితే దాహం పెరుగుతుంది, ఆ ఉప్పును బయటకు పంపడానికి ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది, మనిషికి మతి తప్పుతుంది. ఒకరి తర్వాత ఒకరు పోయారు.

పదమూడో రోజున, 1941 మార్చి 1న, నేల కనిపించింది. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని లిజర్డ్ తీరం అది. అప్పటికి పడవలో ప్రాణాలతో ఉన్నది కొద్దిమందే. కేర్‌థిలియన్ కోవ్ అనే చిన్న రాళ్ళ ఒంపు దగ్గర ఒడ్డుకు రాబోతుండగా అల కొట్టి పడవ బోల్తాపడింది. పదమూడు రోజులు అట్లాంటిక్‌ను ఓర్చుకున్నవాళ్ళు ఒడ్డుకు కూతవేటు దూరంలో మునిగిపోయారు. వాళ్ళలో వైర్‌లెస్ ఆఫీసర్ కుర్రవాడు, పద్దెనిమిదేళ్ళవాడు. బాంబుల భయంతో నగరాల నుంచి పల్లెకు పంపిన బడిపిల్లలు కొందరు కొండమీద నుంచి చూసి కేకలు పెట్టారు. ఒడ్డునున్నవాళ్ళు దిగి అయర్స్‌ను లాగారు.

కోలుకోవడానికి ఆయనకు నెలలు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ సముద్రం మీదికే వెళ్ళాడు. బ్రిటన్ ప్రభుత్వం ఎం.బి.ఇ. అనే గౌరవ పురస్కారం ఇచ్చింది. 1992 దాకా బతికాడు. ఒడ్డుకు చేరిన మృతదేహాలను దగ్గర్లోని లాండెవెడ్నాక్ చర్చి ఆవరణలో పూడ్చారు.

లాస్కర్లు అంటే ఎవరు?

బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన భారత ఉపఖండపు నావికులు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి బ్రిటిష్ వాణిజ్య ఓడల మీద ఉన్నవాళ్ళలో సుమారు నాలుగో వంతు వీళ్ళే.

కలకత్తాలో చేరే నావికుల్లో ఇంజను గదికి ఎక్కువగా సిల్హెట్ ప్రాంతం వాళ్ళు, డెక్కు మీదికి చిట్టగాంగ్, నోవాఖాలీ జిల్లాల వాళ్ళు వెళ్ళేవారు. వాళ్ళకు పెద్ద సారంగు. ఊళ్ళో మనుషులను కూర్చి తెచ్చేదీ, ఓడమీద పని చేయించేదీ, తెల్ల ఆఫీసర్లతో మాట్లాడేదీ ఆయనే. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు ఓడ అడుగున, నీటిమట్టానికి కింద ఉంటారు. టార్పెడో తగిలేది అక్కడే. నిచ్చెనలెక్కి పైకి వచ్చేలోపు నీళ్ళు వచ్చేస్తాయి.

జీతం సంగతి చెప్పుకోవాలి. అదే ఓడలో అదే పనిచేసే బ్రిటిష్ నావికుడికి వచ్చేదాంట్లో వీళ్ళకు చిన్న భాగమే దక్కేది. పడుకునే చోటు కూడా ఇరుకే. 1939లో యుద్ధం రాగానే బ్రిటన్ రేవుల్లోనూ, మరికొన్ని రేవుల్లోనూ భారతీయ నావికులు సమ్మెకు దిగారు. ప్రమాదం అందరికీ ఒకటే అయినప్పుడు డబ్బులు ఎందుకు తక్కువని వాళ్ళ ప్రశ్న. వందలమందిని జైల్లో పెట్టారు. చివరికి జీతాలు కొంత పెంచక తప్పలేదు. సమానం మాత్రం చేయలేదు.

గైర్‌సొప్ప కథను వెండి వేట కథగా చెప్పేవాళ్ళు ఈ మనుషులను ‘సిబ్బంది’ అన్న ఒక్క మాటలో దాటేస్తారు. మాకు బాధ కలిగించేది అదే.

ఓడ శిథిలం ఎలా దొరికింది?

2010లో బ్రిటన్ రవాణా శాఖ అమెరికాకు చెందిన ఒడిసీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2011లో సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, వెతికి ఐర్లండ్‌కు నైరుతిగా సుమారు 4,700 మీటర్ల లోతున ఓడను పట్టుకున్నారు. టైటానిక్ ఉన్నది 3,800 మీటర్ల దగ్గర. అంటే ఇది దానికన్నా దాదాపు కిలోమీటరు లోతున ఉంది. ఓడ పక్కకు ఒరగకుండా నిటారుగా కూర్చుని ఉంది. సరుకు గదులు తెరుచుకుని ఉండటంతో రోబోలు లోపలికి చేయి పెట్టగలిగాయి.

2012లో 1,218 వెండి కడ్డీలు, 2013లో ఇంకో 1,574 పైకి తీశారు. మొత్తం 2,792. బీమా కాగితాల్లో ఉన్నది 2,817, అంటే దాదాపు అన్నీ వచ్చినట్టే. ఒక్కో కడ్డీ సుమారు 35 కిలోలు, మొత్తం బరువు వంద టన్నుల దరిదాపుల్లో. అంత లోతు నుంచి అంత బరువైన విలువగల లోహం తీయడం అప్పటికి రికార్డు. ఆ వెండిలో కొంతభాగంతో బ్రిటన్ రాయల్ మింట్ నాణేలు కూడా కొట్టింది.

ఆ వెండిలో ఇండియాకు వాటా వచ్చిందా?

లేదు. యుద్ధ సమయంలో సరుకుకు బ్రిటన్ ప్రభుత్వమే బీమా చేసింది. ఓడ మునిగాక యజమానులకు పరిహారం ఇచ్చేసింది కాబట్టి సరుకు మీద హక్కు దానికి వచ్చింది. ఒప్పందం ప్రకారం ఖర్చులు పోగా వచ్చిన విలువలో 80 శాతం తీసిన కంపెనీకి, 20 శాతం బ్రిటన్ ప్రభుత్వానికి. న్యాయపరంగా ఇందులో తిరకాసు లేదు. వెండి కలకత్తాలో ఎక్కిందని మనకు మనసులో ఉండొచ్చు గానీ, బీమా చట్టం చూసేది ఎవరు డబ్బు కట్టారన్నదే.

నీళ్ళలో ఏడు దశాబ్దాలు ఉన్న ఉత్తరాలు చదవగలిగారా?

చదవగలిగారు. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కదిలించింది ఇదే. వెండి తీస్తుంటే ఏడు వందలకు పైగా ఉత్తరాలు కూడా బయటపడ్డాయి. సంచులు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని, బురద కప్పేసి, వెలుతురు లేక, ప్రాణవాయువు అందక, చలిలో ఉండిపోవడంతో కాగితాన్ని తినే క్రిములకు పని లేకపోయింది. పైకి వచ్చాక నిపుణులు మడతలు విప్పుతూ, ఉప్పు కడుగుతూ, ఆరబెడుతూ ఏళ్ళు పనిచేశారు.

చాలావరకు 1940 డిసెంబరు మొదటి రోజుల్లో రాసినవి. వాయవ్య సరిహద్దులో ఉన్న సైనికులు, ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్న బ్రిటిష్ వాళ్ళు ఇంటికి రాసుకున్నవి. క్రిస్మస్ శుభాకాంక్షలు, బాంబుల మధ్య ఎలా ఉన్నారోనన్న బెంగ. తనతో పెళ్ళికి అమ్మాయి ఒప్పుకుందన్న సంతోషంలో ఒక సైనికుడు రాసిన జాబు కూడా వాటిలో ఉంది. అది అప్పట్లో ఆమెకు అందలేదు. 2018లో లండన్‌లోని పోస్టల్ మ్యూజియం వీటిని ప్రదర్శనకు పెట్టింది.

ఇండియాకు సంబంధించిన ఇలాంటి ఓడ ఇంకేదైనా ఉందా?

తిలావా. ఇదీ అదే కంపెనీది. 1942 నవంబరులో బొంబాయి నుంచి తూర్పు, దక్షిణ ఆఫ్రికా రేవులకు వెళ్తుంటే నవంబరు 23న జపాన్ జలాంతర్గామి ఐ-29 ముంచింది. తొమ్మిది వందల మందికి పైగా ఉన్న ఓడ అది. 280 మంది చనిపోయారు. మిగిలినవాళ్ళలో దాదాపు అందరినీ రెండు రోజుల తర్వాత బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ ఎక్కించుకుని బొంబాయి చేర్చింది.

అందులోనూ 2,364 వెండి కడ్డీలు ఉన్నాయి. అవి దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొనుక్కున్నవి. 2017లో పైకి తీశాక కేసు లండన్ వరకూ వెళ్ళి, 2024లో బ్రిటన్ సుప్రీంకోర్టు దక్షిణాఫ్రికా పక్షాన తీర్పిచ్చింది.

ఐ-29 గురించి ఇంకో మాట. 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర జర్మన్ జలాంతర్గామి నుంచి సుభాష్ చంద్ర బోస్‌ను ఎక్కించుకుని ఆసియాకు తెచ్చింది ఇదే. ఆ ప్రయాణం మనకు గర్వం. అదే జలాంతర్గామి అంతకు అయిదు నెలల ముందు మనవాళ్ళనే వందల సంఖ్యలో చంపింది. చదివేవాళ్ళు రెండూ గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

జలాంతర్గామి లోపల ఎలా ఉంటుందో చూడాలంటే?

విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కురుసుర ఉంది. అది 1969లో మన నౌకాదళంలో చేరింది, సోవియట్ తయారీ, పొడవు 91 మీటర్లు. యూ-101 అంతకంటే పాతది, చిన్నది. 66 మీటర్ల పైచిలుకు పొడవు, అయిదు టార్పెడో గొట్టాలు, నలభై మందికి పైగా మనుషులు. కురుసురలో ముందు గదిలోకి వెళ్ళి టార్పెడో గొట్టాల మూతలు చూడండి. అంత లావు ఉక్కు గొట్టంలోంచి వెళ్ళిన ఒక్కటే గైర్‌సొప్పకు సరిపోయింది.

యూ-101 ఏమైంది?

యుద్ధంలో ఇరవైకి పైగా ఓడలను ముంచింది. తర్వాత దాన్ని శిక్షణకు మార్చారు. 1945 మేలో జర్మన్లే ముంచేసుకున్నారు. మెంగర్‌సన్ యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికాడు.

చనిపోయిన భారతీయ నావికుల పేర్లు ఎక్కడున్నాయి?

లండన్ టవర్ హిల్ దగ్గర వాణిజ్య నావికులకు పెద్ద స్మారకం ఉంది. లాస్కర్ల పేర్లు అక్కడ చెక్కలేదు. సమాధి లేకుండా సముద్రంలో పోయిన దాదాపు ఆరు వేల మంది భారతీయ వాణిజ్య నావికుల పేర్లను రెండు ఒకేలాంటి పుస్తకాల్లో రాసిపెట్టారు. ఒకటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో, రెండోది ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉన్నాయి.

మా తాతగారు కూడా స్టీమరు మీద పనిచేసి తిరిగి రాలేదంటారు. వెతకడం ఎలా?

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. పేరును ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలేయకండి. అప్పటి గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాశారు, ఇంటిపేరు ముందో వెనకో పడి ఉంటుంది, ఒక్కోసారి అసలుండదు. ఓడ పేరు తెలిస్తే దానితో వెతకడం మేలు. చనిపోయిన తేదీ దొరికితే ఆ రోజు ఏ ఓడ మునిగిందో చూసి సరిపోల్చుకోవచ్చు. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు ఉంటే, నావికుడికి ఇచ్చే చిన్న సర్టిఫికెట్ పుస్తకం ఉందేమో చూడండి. అందులో అతను ఎక్కిన ఓడల పేర్లు, తేదీలు వరసగా రాసి ఉంటాయి. పెన్షన్ కాగితాలు, కంపెనీ నుంచి వచ్చిన పాత ఉత్తరాలు ఉంటే పారేయకుండా ముందు ఫొటో తీసిపెట్టుకోండి. పెద్దవాళ్ళను అడిగేటప్పుడు ఓడ పేరే అడక్కండి, ఏ రేవులో ఎక్కాడో, ఏ ఏడు పండక్కి రాలేదో అడగండి. వాళ్ళకు గుర్తుండేది అదే.